పాత డీజిలు బండ్లు: మరమ్మతా, తుక్కా?

చెఱకు నఱికిన గడియ మొదలు దానిలోని తీపి తఱుగ నారంభించును. ఇరువదినాలుగు గంటలలో గానుగ చేరిన చెఱకునకును, రెండు మూడు దినములు ఎండలో బండి మీద నిలిచిన చెఱకునకును గల భేద మెంతటిదో చోడవరము ప్రాంతపు రైతునకు మేము చెప్పవలసిన పని లేదు. బరువు తఱుగును, రసములోని చక్కెర విఱిగిపోవును, అట్టి రసముతో బెల్లము వండఁబూనినచో పాకము కుదురదు, దిమ్మ గట్టిపడదు. కావున గోవాడ చక్కెర కర్మాగారపు దారిలో గాని, అనకాపల్లి బెల్లపు మార్కెట్టు దారిలో గాని ఒక ట్రాక్టరు నిలిచిపోయినచో, ఆ నష్టము ట్రాక్టరు యజమానితో ముగియదు. వెనుక తొట్టిలో నున్న గడలు పదిమంది కూలీల కష్టము, ఒక కుటుంబము ఏడాది పొడుగునను పెట్టిన పెట్టుబడి.

బండి యేల నిలిచినదని విచారింతుము గదా. ఇంజను ముక్కలైనదా? కాలేదు. గేర్లు అరిగినవా? లేదు. తఱచుగా దొరకు సమాధానము మిక్కిలి అల్పమైనది: అగ్గిపెట్టెయంత రిలే యొకటి పని మానినది, లేక పంపు మీద నున్న సోలినాయిడునకు కరెంటు అందలేదు, లేక బాడీ ఎర్తు తీగ తుప్పు పట్టినది. అల్పమైన ఈ వస్తువు దొరకక, దొరకినను అమర్చు నేర్పరి లేక, నేర్పరి యున్నను అతనికి వైరింగు పటము చేతికందక, దృఢమైన యంత్రము రోడ్డు ప్రక్కన నిలిచియుండును. ఈ విషయమును గూర్చి పత్రికలలో వ్రాయుట చిన్నతనమని తలంచువారు కొందఱు కలరు. మేము అట్లు తలంపము. గ్రామసీమల రాకపోకలన్నియు డీజిలు మీద నడచుచున్న దినములలో, ఆ డీజిలు బండి ప్రాణము గుప్పెడు రాగి తీగలలో నున్నదని గుర్తింపకపోవుటయే చిన్నతనము.

మొదట ఒక్క మాట. డీజిలు ఇంజనునకు స్వభావసిద్ధముగా విద్యుత్తుతో పని లేదు. జర్మనుడైన రుడాల్ఫు డీజిలు 1897లో ఆగ్‌స్‌బర్గు పట్టణమున నడిపి చూపిన ఇంజనులో రవ్వ పుట్టించు ప్లగ్గు లేదు. గాలిని గట్టిగా నొక్కుట వలననే పుట్టిన వేడిమికి నూనె అంటుకొనును. 1927 నుండి బాషు కంపెనీవారు నూనెను కొలిచి చిమ్ము పంపులను విరివిగా తయారు చేయుటతో ఈ ఇంజను లారీలకును, ట్రాక్టర్లకును అనువైనది. మన దేశమున 1951లో మైకో సంస్థ ఈ పంపులు, నాజిళ్లు తయారుచేయుటకై నెలకొన్నది. 1954లో టాటావారు మెర్సిడెస్ బెంజివారితో కలసి లారీలు కట్టనారంభించిరి. ఆ కాలపు బండిని ఎఱిగిన ముసలి డ్రైవర్లు నేటికిని చెప్పుదురు: బ్యాటరీ చచ్చినను పల్లమున త్రోసి స్టార్టు చేసినచో బండి ఇల్లు చేరును, ఆపవలెనన్న ఒక తీగను లాగిన చాలును. విద్యుత్తు అక్కడ దీపములకును, హారనునకును, సెల్ఫునకును మాత్రమే సేవకుడు.

ఆ సేవకుడు క్రమక్రమముగ కారుబారీ యయ్యెను. ఇంజనును ఆపుటకు చేతితో లాగు తీగకు బదులు సోలినాయిడు వచ్చినది. తిరుగుడు పంపు గల పెక్కు బండ్లలో దీని యేర్పాటు విచిత్రమైనది: కరెంటు ఉన్నంతసేపును లోపలి ముల్లు పైకి లేచి నూనెకు దారి నిచ్చును, కరెంటు పోయినంతనే స్ప్రింగు దానిని క్రిందికి నొక్కి దారి మూయును. మఱికొన్ని బండ్లలో ఇందుకు విపరీతముగా, ఆపుటకు మాత్రమే కరెంటు కావలెను. ఏ బండి ఏ పద్ధతిదో తెలియక చేయి పెట్టిన మేస్త్రీ మంచి పంపును విప్పి పాడుచేసిన సందర్భములు లేకపోలేదు. చలివేళ సిలిండరును ముందుగా కాచుటకు గ్లో ప్లగ్గులు, వాటికి కరెంటు పంపుటకొక రిలే, ఎంతసేపు పంపవలెనో లెక్కించుటకొక చిన్న పెట్టె వచ్చినవి. మేస్త్రీలు ఇప్పటికిని డైనమో యనియే పిలుచు ఆల్టర్నేటరునకు వోల్టేజిని అదుపు చేయు రెగ్యులేటరు వచ్చినది. 2000 తరువాతి దశాబ్దమున కామన్ రైలు పద్ధతి వచ్చి, నూనె చిమ్ము క్షణమును, పరిమాణమును కూడ కంప్యూటరు చేతిలో పెట్టినది. అంతటితో సేవకుడు యజమాని యైనాడు.

ఇప్పుడు వచ్చిన చిక్కు ఏమనగా, ఇనుము ఒక వయస్సున ముసలిదగును. తీగలు, టంకము, ప్లాస్టిక్కు మఱొక వయస్సున ముసలివగును. మంచి డీజిలు ఇంజను రింగులు మార్చి, బోరు చేయించి, రెండు మూడు తరములు నడిపింపవచ్చును. దాని మీది రిలే పదునైదు, ఇరువదేండ్లకే అలసిపోవును. ఒకే శరీరములో యువకుని గుండెయు, వృద్ధుని నరములును ఉన్నట్లు.

ఈ నరములు ఎట్లు చెడునో కొంత వివరముగ చెప్పెదము. ఏలయన, చెడు విధము తెలిసినగాని మరమ్మతు సాధ్యమో కాదో తెలియదు. మా పరిశీలనలో, వస్తువు చెడుట తక్కువ, అతుకు చెడుట యెక్కువ. రిలే పెట్టె లోపల రేకు కాళ్లను బోర్డునకు అదికిన టంకము ఉన్నది. ఇంజను వేడికి వ్యాకోచించి, రాత్రి చలికి సంకోచించి, గతుకుల రోడ్డు మీద అదరి అదరి, ఆ టంకము చుట్టును కంటికి కనబడనంత సన్నని వలయము వలె పగులు వచ్చును. అప్పుడు బండి చల్లగా నున్నపుడు పనిచేయును, వేడెక్కినపుడు మానును. లేక అందుకు విపర్యయము. యజమాని మేస్త్రీ యొద్దకు తెచ్చునప్పటికి రోగము మాయమగును. భూతవైద్యుని పిలువవలసినదే యని విసుగుకొనినవారిని మేమెఱుగుదుము! భూతద్దము ఒకటి, వేడి సోల్డరింగు కడ్డీ యొకటి యున్నచో ఈ భూతము పది నిమిషములలో పారిపోవును.

రెండవది చిలుము. విశాఖ తీరమునుండి వీచు ఉప్పుగాలి, తేమ లోనాటి పల్లెల దాక పోవును. రాగి తీగ చివరను, ఇత్తడి క్లిప్పులోను పచ్చని చిలుము పట్టును. బ్యాటరీ మొలల మీద తెల్లని పొడి పేరుకొనును. దీని బలమెంతటిదో చిన్న లెక్క వలన తెలియును. ట్రాక్టరు సెల్ఫు తిరుగునపుడు 200 ఆంపియర్ల కరెంటు తీసికొనుచున్నదనుకొందము. దారిలో ఒక ఓములో నూఱవ వంతు అడ్డంకి యున్నను, 2 వోల్టులు అక్కడనే హరించుకొనిపోవును. పండ్రెండు వోల్టుల బ్యాటరీ నుండి పదియే సెల్ఫునకు చేరును. సెల్ఫు మూలుగును, తిరుగదు. యజమాని కొత్త బ్యాటరీ కొనును. అది నెల దినములు నడిచి మఱల అదే మూలుగు. పిదప సెల్ఫు మోటారు మార్పించును. చివరకు ఎవడో యొకడు ఎర్తు తీగ విప్పి, ఆకురాయితో గీకి బిగించునప్పటికి వ్యాధి కుదురును. అప్పటికి వేలు ఖర్చయినవి.

మూడవది కంప్యూటరు పెట్టెలలోని కెపాసిటర్లు. వీటిలో ఒక జాతి దానిలో ద్రవ ముండును. పదేసి డిగ్రీల వేడి పెరిగినకొలది వీని యాయువు ఇంచుమించు సగము చొప్పున తఱుగునని ఇంజనీర్లు లెక్క కట్టుదురు. మన వేసవిలో ఇంజను మూత క్రింద నుండు వేడి యెంతయో యోచింపుడు. ద్రవము ఊరి బోర్డు మీదికి కారి, గీతల వలె నున్న రాగి దారులను తినివేయును. తొలిదశలో పట్టుకొన్నచో కొలది రూపాయల వస్తువు మార్చిన చాలును. ఆలస్యమైనచో పెట్టె మొత్తము పోవును.

మా సొంత యనుభవ మొకటి చెప్పుట అప్రస్తుతము కాదు. మాకొక పాత జీపు గలదు. చోడవరము, వడ్డాది, మాడుగుల మీదుగా పాడేరు ఘాటీ యెక్కి, చలికాలమున నీరు గడ్డకట్టు దాపునకు పోవు లంబసింగి వైపు దానిలో పలుమారులు పోయి వచ్చితిమి. ఒక మార్గశిర మాసపు వేకువను అది కదలనని మొరాయించినది. గ్లో ప్లగ్గుల దీపము వెలుగుట లేదు. పట్టణమున నొక పెద్ద దుకాణమునకు చేర్చగా, అచటివారు పెట్టె మొత్తము మార్చవలెననియు, ఆ పెట్టె ఇప్పుడు తయారగుట లేదనియు, బండిని అమ్ముకొనుట మేలనియు సెలవిచ్చిరి. పెట్టె మూత తీసి చూచినవారు లేరు. మఱునాడు చోడవరములో చెట్టు క్రింద బల్ల వేసికొని కూర్చుండు కరెంటు మేస్త్రీ యొకడు దానిని విప్పి, లోని బోర్డు వెనుకవైపు ఎండకు పెట్టి చూచి, మూడు చోట్ల టంకము మఱల పోసి, రిలే ముక్కుల మీది నల్లని మసి తుడిచి మా చేతికిచ్చెను. అతడు తీసికొన్న కూలి ఇద్దఱి భోజనమునకు చాలినంత. ఆ పెట్టె నేటికిని పనిచేయుచున్నది. మేము ఆ దుకాణదారుని తప్పు పట్టుటకు దీనిని చెప్పుట లేదు. అతనికి నేర్పిన విద్య అదియే. విప్పి చూడుట కాదు, సంఖ్య చూచి మార్చుట.

ఇంత చెప్పి, మన పల్లె మరమ్మతు నెల్ల మెచ్చుకొనుట లేదు. నేర్పున్న చేతి ప్రక్కనే నిర్లక్ష్యపు చేయి కూడ ఉన్నది. ఫ్యూజు కాలినదని రాగి తీగ చుట్టి విడిచిపెట్టుట మన దేశమున సాధారణాచారము. ఫ్యూజు ఊరక కాలదు. ఎక్కడనో తీగ ఒరసి ఇనుమునకు తగులుచున్నదని చెప్పుటకే కాలును. చెప్పువాని నోరు కట్టివేసినచో తరువాత మాటలాడునది మంట. సోలినాయిడు పనిచేయలేదని బ్యాటరీ నుండి తిన్నగా తీగ లాగి కట్టువారును కలరు. అట్టి బండి తాళము త్రిప్పినను ఆగదు. చెఱకు లోడుతో పల్లమున దిగుచున్న ట్రాక్టరు ఆగకపోవుట యనగా నేమో వేఱుగ చెప్పనక్కఱలేదు. ఇక సంతలో దొరకు నకిలీ రిలేలు, పెట్టె మీద పెద్ద కంపెనీ పేరు, లోపల సన్నని రేకు. ఇవి మూడు నెలలలో కాలి, మంచి తీగను కూడ కాల్చును. వోల్టేజి రెగ్యులేటరు నకిలీదైనచో చేటు మఱింత: 14 వోల్టుల దరిదాపున నిలుపవలసినది 16, 17 దాక పోనిచ్చును, బ్యాటరీలో నీరు ఉడుకును, దీపములు ఒకటొకటిగ ఆరిపోవును.

మంచి పద్ధతి యేమనగా కొలుచుట. ఒక మల్టీమీటరు ధర నేడు ఒక దినపు కూలికి మించదు. సెల్ఫు తిప్పించుచు, బ్యాటరీ మొల మీద నొక ముల్లును, సెల్ఫు మొల మీద నొక ముల్లును పెట్టి చూచినపుడు అర వోల్టుకు మించి కనబడినచో ఆ దారిలో దోషమున్నదని అర్థము. అట్లే ఇంజను ఇనుమునకును, బ్యాటరీ ఋణ ధ్రువమునకును నడుమ కొలువవలెను. ఈ రెండు కొలతలకు అయిదు నిమిషములు పట్టును. ఇవి కొలిచిన పిమ్మట గాని ఏ వస్తువును మార్పింపరాదని ప్రతి యజమానియు మేస్త్రీకి చెప్పవలెను. చెప్పుటకు మొగమోట మేల?

ఇక ప్రభుత్వ విధానముల విషయము. తుక్కు విధానమని సామాన్యముగ పిలువబడు కేంద్ర ప్రభుత్వపు వాహన విధానము 2021 ఆగస్టు 13వ తేదీన ప్రారంభింపబడినది. వయస్సు చేత గాక పరీక్ష చేత బండి యోగ్యతను తేల్చవలెననుట దాని మూల సూత్రము. ఈ సూత్రమును మేము మనస్ఫూర్తిగ ఆమోదింతుము. కాని ఆచరణలో వయస్సు మీదనే పన్ను పడుచున్నది. 2022 ఏప్రిలు 1 నుండి పదునైదేండ్లు దాటిన మోటారుకారు రిజిస్ట్రేషను కొనసాగించుటకు 600 రూపాయలుగా నున్న రుసుము 5,000 ఆయెను. పెద్ద లారీల యోగ్యతా పత్రపు రుసుము 1,500 నుండి 12,500 ఆయెను. 2025 ఆగస్టులో ఇరువదేండ్లు దాటిన కార్లకు రుసుము 10,000 చేసిరి. ఢిల్లీ ప్రాంతమున పదేండ్లు దాటిన డీజిలు బండ్లు నడువరాదని హరిత ట్రిబ్యునలు 2015లో ఉత్తరువు చేయగా, సుప్రీము కోర్టు 2018లో దానిని బలపఱచినది. 2025లో మఱల ఆ విషయమై వాదప్రతివాదములు సాగినవి. ఆ నగరపు గాలి సంగతి వేఱు. కాని అక్కడి వార్తను ఇక్కడి కొందఱు దళారులు వాడుకొనిరి. పదేండ్లు దాటిన ట్రాక్టర్లను బలవంతముగ తుక్కు చేయుదురట యను వదంతి దేశమంతటను వ్యాపించి, అట్టిది లేదని, వ్యవసాయపు ట్రాక్టరు మొదటి పదునైదేండ్ల పిదప అయిదేసి యేండ్లకు రిజిస్ట్రేషను పొడిగించుకొనవచ్చునని కేంద్ర రవాణా శాఖవారు 2023లో ప్రకటన చేయవలసివచ్చినది. ఆ ప్రకటన ఎంతమంది రైతుల చెవిని పడినదో మాకు సందేహమే. బెదరి అగ్గువకు అమ్ముకొన్నవారికి అది చేరినను ప్రయోజనము లేదు.

పొగ విషయమున మా యభిప్రాయము స్పష్టముగ చెప్పెదము. పాత డీజిలు పొగ ఆరోగ్యమునకు చెఱుపు. దానిని సమర్థించుట మా యుద్దేశము కాదు. 2020 ఏప్రిలు నుండి అమలులోనికి వచ్చిన బి.ఎస్.6 ప్రమాణములకు తగిన కొత్త బండితో పాత బండి ఎన్నటికిని సరితూగదు. అయినను, ఉన్న బండ్లలో నల్లపొగ చిమ్మునవి పెక్కు వయస్సు చేత గాక అశ్రద్ధ చేత చిమ్ముచున్నవి: నాజిలు కారుట, గాలి వడపోత మూసికొనిపోవుట, ఉష్ణోగ్రత తెలుపు సెన్సరు తప్పు చెప్పి కంప్యూటరు అధికముగ నూనె పోయుట. చల్లగా నున్నదని సెన్సరు అబద్ధమాడినచో, ఇంజను ఎంత వేడెక్కినను కంప్యూటరు దాని మాటయే నమ్మును. ఆ సెన్సరు మార్చుట పొగ తగ్గించుట కాదా? మరమ్మతును గాలికి శత్రువుగ చిత్రించుట సరి కాదు. అదియును గాక, చిన్న కమతపు రైతు నేడు పాతదానిని తుక్కునకు వేసి కొత్తది కొనవలెనన్నచో అప్పు చేయవలెను. ఆ అప్పునకు వడ్డీ కట్టునది ఏ చెఱకు బకాయిలతో? సహకార చక్కెర కర్మాగారముల దుస్థితిని గూర్చి మేము వేఱుగ వ్రాయదలచితిమి గావున ఇక్కడ విస్తరింపము.

అసలు చిక్కు ముందున్నది. పాత ట్రాక్టరు కనీసము విప్పి చూడ వీలైనది. 2023 జనవరి 1 నుండి 50 అశ్వశక్తికి మించిన కొత్త ట్రాక్టర్లకు కఠినతరమైన పొగ ప్రమాణములు వచ్చుటతో వానిలోను కంప్యూటరు ప్రవేశించినది. 2005 ప్రాంతమున కొన్న కామన్ రైలు జీపులు, కార్లు ఇదివఱకే ఇరువదేండ్ల వృద్ధులైనవి. వీనిలో పెట్టె చెడినచో మఱొక బండి పెట్టె తెచ్చి పెట్టుటకు వీలు లేదు. తాళపు చెవిలోని రహస్య సంకేతము దానితో కుదిరిన గాని ఇంజను కదలదు. ఆ సంకేతము కుదుర్చు సాధనము తయారీదారు చేతిలో, అతడు నియమించిన ఏజెంటు చేతిలో ఉన్నది. మోడలు తయారీ మానిన పిదప ఏజెంటునకు దాని మీద శ్రద్ధ యుండదు. బండి రైతుది, తాళము కంపెనీది!

ఇది మా యూహ కాదు. 2014 ఆగస్టులో మన దేశపు పోటీ కమిషనువారు పదునాలుగు కార్ల కంపెనీలకు 2,544 కోట్ల రూపాయలకు పైగ జరిమానా విధించిరి. నేరమేమి? విడిభాగములను, మరమ్మతు గ్రంథములను, దోషపరీక్షా సాధనములను స్వతంత్ర మేస్త్రీలకు అందనీయకుండుట. 2016లో మూడు కంపెనీల అప్పీలు మీద ట్రిబ్యునలువారు జరిమానా తగ్గించిరే గాని, తప్పు జరిగినదను నిర్ణయమును త్రోసివేయలేదు. 2022లో కేంద్ర వినియోగదారుల శాఖ మరమ్మతు హక్కును గూర్చి సంఘము నొకటి నియమించి, వ్యవసాయ యంత్రములు, సెల్‌ఫోనులు, గృహోపకరణములు, మోటారు వాహనములు అను నాలుగు రంగములను గుర్తించినది. అదే సంవత్సరము డిసెంబరులో అందుకొక జాలస్థలము కూడ తెఱచినది. మంచి ఆరంభమే. వ్యవసాయ యంత్రములను తొలి పేరుగ వ్రాసినందుకు మేము సంతసించితిమి. అయితే శాసనమునకును, జాలస్థలమునకును భేదము గలదు. కంపెనీ ఇష్టపడి సమాచారము పెట్టిన నుండును, లేకున్న లేదు.

అమెరికాలో ఈ తగవు మనకంటె ముదిరినది. మసాచుసెట్స్ రాష్ట్రము 2012లోనే మోటారు వాహనముల మరమ్మతు హక్కునకు శాసనము చేసినది. కొలరాడో రాష్ట్రము 2023లో వ్యవసాయ యంత్రములకై ప్రత్యేకముగ శాసనము చేయగా, అది 2024 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చినది. పెద్ద ట్రాక్టరు కంపెనీ యగు జాన్ డీర్ మీద ఆ దేశపు వాణిజ్య కమిషను 2025 జనవరిలో దావా వేసినది. వేలాది యెకరముల ఆసాములే తమ ట్రాక్టరును తాము బాగుచేసికొనలేక న్యాయస్థానము వైపు చూడవలసివచ్చినపుడు, రెండెకరముల చెఱకు రైతు గతి యేమి?

2021లో ప్రపంచమంతటను చిప్పుల కఱవు వచ్చినది పాఠకులకు జ్ఞాపకముండును. మన దేశపు పెద్ద కంపెనీలు కూడ చిప్పులు లేక బండ్ల తయారీ తగ్గించుకొనిరి. కొత్త బండ్లకే లేనపుడు ఇరువదేండ్ల నాటి బండి పెట్టెకు చిప్పు ఎవరిత్తురు? ఉన్న పెట్టెను బాగుచేసి వాడుకొను విద్య అట్టి దినములలో దేశమునకు కొంగుబంగారము. స్వదేశీ యను మాటను మేము చరకా నాటి నుండి వినుచున్నాము, వ్రాయుచున్నాము. విడిభాగమును విదేశము నుండి తెప్పింపనక్కఱలేకుండ మన చేతితో బాగుచేసికొనుటకు మించిన స్వదేశీ యేమున్నది?

ఆ విద్య ఎక్కడ నేర్పుచున్నారు? ఐ.టి.ఐ.లలో డీజిలు మెకానిక్కు తరగతి ఒక సంవత్సరము. ఆ యేడాదిలో ఇంజను విప్పుట, బిగించుట, పంపు అమర్చుట చెప్పుటకే కాలము చాలదు. బోర్డు మీద టంకము పోయుట, కెపాసిటరు గుర్తించి మార్చుట నేర్చు పిల్లవాడు అరుదు. ఎలక్ట్రానిక్సు తరగతి పిల్లవానికి బోర్డు తెలియును, ఇంజను తెలియదు. ఈ రెండింటి నడుమ పడిపోయినది మన రైతు ట్రాక్టరు. విజయవాడ జవహర్ ఆటోనగరులోను, విశాఖ గాజువాక వైపు ఆటోనగరులోను ఈ రెండు విద్యలు నెఱిగిన చేతులు కొన్ని కలవు. వారు ఏ కళాశాలలోను నేర్వలేదు, గురువు ప్రక్కన కూర్చుండి నేర్చినారు. వారిని వేతనమిచ్చి పిలిచి, ఐ.టి.ఐ. పిల్లలకు ఆఱు వారములు బోధింపజేయుటకు అడ్డమేమి? పట్టా లేదందురేమో. పట్టా గలవారు పెట్టె విప్పకయే పాఱవేయుచున్నారు గదా.

తుక్కు కేంద్రముల విషయమున కూడ ఒక సూచన. అక్కడికి చేరిన ప్రతి బండిలోను మంచి రిలేలు, సోలినాయిడులు, ఆల్టర్నేటర్లు, కంప్యూటరు పెట్టెలు కొన్ని మిగిలియుండును. వానిని ఇనుముతో పాటు నలుగగొట్టక, విప్పి, పరీక్షించి, బండి మోడలు పేరు వ్రాసిన చీటీ యంటించి అమ్మునట్లు నియమము చేయవలెను. తయారీ మానిన పెట్టెకు ఇంతకంటె వేఱు గని లేదు. దొంగ సరకు కలియునను భయము న్యాయమైనదే. బండి ఛాసిస్ నంబరును బిల్లు మీద వ్రాయించినచో చాలవఱకు తీఱును.

గోవాడ ప్రాంతపు సహకారులకు మేము చెప్పునది మఱియొకటి గలదు. చక్కెర కర్మాగారమునకు చెఱకు తోలు ట్రాక్టర్ల పేర్లు, గ్రామములు, యజమానులు మిల్లు కేన్ విభాగపు పుస్తకములలో సీజను సీజనునకు వ్రాయబడుచు వచ్చినవి. ఏ మోడలు ఎన్ని కలవో ఆ పుస్తకములు తిరుగవేసిన తెలియును. దానిని బట్టి, ప్రాథమిక సహకార సంఘము గాని, రైతు సేవా కేంద్రము గాని, మిల్లు గాని, మూడింటిలో నేదైనను, ఎక్కువగ నున్న మోడళ్లకు కావలసిన రిలేలు, సోలినాయిడులు, రెగ్యులేటర్లు, ఎర్తు తీగలు ఒక బీరువాలో నిలువ చేసి, అసలు ధరకు అమ్మవచ్చును. ప్రక్కన బల్ల, మల్టీమీటరు, బ్యాటరీ, సోల్డరింగు కడ్డీ, ఒక మేస్త్రీ. దీనికి కోట్లు అక్కఱలేదు. ఎరువుల గోదాములో ఒక మూల చాలును. నకిలీ సరకు బెడదయు దీనితో చాలవఱకు తగ్గును. 1930వ దశాబ్దముననే ఏటికొప్పాకలో రైతులు కూడి సహకార చక్కెర కర్మాగారము స్థాపించిన ప్రాంతమిది. ఒక బీరువాకు తాళము వేసి లెక్క వ్రాయుట వారి మనుమలకు కష్టమని మేము నమ్మము.

కేంద్ర ప్రభుత్వము చేయవలసినది మాత్రము సంఘములు చేయలేవు. ఏ మోడలైనను తయారీ మానిన నాటి నుండి కనీసము పదునైదేండ్లు దాని విద్యుత్ భాగములను అందింపవలెననియు, అందింపజాలనినాడు వైరింగు పటమును, పెట్టె లోపలి పటమును, సంకేతము కుదుర్చు సాధనమును బహిరంగ పఱుపవలెననియు శాసనము కావలెను. వైరింగు పటము తెలుగులో నుండవలెనని కూడ మేము కోరుచున్నాము. తీగ రంగు ఎఱుపా, గోధుమయా అని తెలిసికొనుటకు మేస్త్రీకి ఇంగ్లీషు వచ్చి తీరవలెననుట అన్యాయము. పార్లమెంటులో ఈ ప్రాంతమునకు ప్రతినిధులైనవారు చెఱకు ధరను గూర్చి అడుగునపుడు దీనిని కూడ అడుగుదురు గాక.

ఈ లోపల బండి యజమానులు చేయదగినది వానలు వెలిసి, చెఱకు కొట్టుడు మొదలగుటకు ముందు దొరకు పది పదునైదు దినములలో చేయవలెను. బ్యాటరీ మొలలు విప్పి వేడినీటితో కడిగి, ఆరిన పిమ్మట వాసెలీను పూయవలెను. ఇంజనునకును ఛాసిస్‌నకును నడుమ నున్న ఎర్తు తీగను విప్పి, రెండు కొసలను మెఱయునట్లు గీకి బిగింపవలెను. రిలే పెట్టె ఇంజనుకు ఆనుకొని యున్నచో కొంచెము ఎడముగ, నీరు పడని తావున బిగింపవలెను. పంపు మీది సోలినాయిడునకు తాళము వేయుచు తీయుచు చెవి యొగ్గి వినవలెను; టక్కుమను చప్పుడు వచ్చినచో అది సజీవముగ నున్నది. రాకపోయినచో తీగ చివర దీపముతో పరీక్షించి, కరెంటు వచ్చుచున్నదో లేదో తెలిసికొని, ఆ పిమ్మటనే మేస్త్రీని పిలువవలెను.